బానలో పొదిగిన శరభం

కృష్ణలో నీళ్ళు తగ్గాక తాబేటిలంక బయటపడుతుంది. పుచ్చతోటల వాళ్ళు వచ్చి పాకలు వేసుకుంటారు, కాయలు కోసి అమ్ముకుంటారు, ఎండలు ముదరగానే పాకలు పీక్కుని పడవల్లో అవతలి ఒడ్డుకి వెళ్ళిపోతారు. ఎంత జాగ్రత్తగా సర్దుకున్నా ఏవో కొన్ని మిగిలిపోతూనే ఉంటాయి. ఆ ఏడు మిగిలిపోయినవాళ్ళ కథ ఇది.

ఆదెమ్మ అనే ఎర్ర కోడిపెట్ట మిగిలిపోయింది. పట్టుకోబోతే జమ్ములో దూరింది. పుంజు దొరికిపోయింది గానీ ఆదెమ్మ దొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె పెట్టిన గుడ్లన్నీ ఎవరో ఒకరి పెనం మీదికే పోయాయి. ఇప్పుడు మొదటిసారి తన గుడ్లు తనకే మిగిలాయి. జమ్ములో మెత్తగా గూడు చేసుకుని వాటి మీద కూర్చుంది. ఇక లేపడం దేవుడి వల్ల కూడా కాదు.

వీరాసామి అనే మేకపోతు మిగిలిపోయాడు. పడవ ఎక్కించాక, ఇంత బరువు నీళ్ళ మీద ఎట్టా తేలుద్దని అడిగాడు. ఎవరూ సరైన జవాబు చెప్పకపోయేసరికి అలిగి దూకేశాడు. గడ్డం ఉన్నంత మాత్రాన ప్రతిదానికీ జవాబు కావాలనుకుంటే ఇలాగే అవుతుంది.

నాంచారమ్మ అనే గేదె మిగిలిపోయింది. ఆమె కథ చిన్నది. లేవమన్నారు, లేవలేదు. వరద రాకముందు వచ్చి తోలుకుపోతాంలే అని వదిలేశారు.

వీళ్ళు కాక గంగులు అనే కప్ప ఉన్నాడు. పాకవాళ్ళు వదిలేసిన పెద్ద మట్టి బాన ఒకటి ఇసుకలో పడి ఉంటే, దాని నీడలో కాపురం. మాటకి ముందు గొంతు ఉబ్బించడం అతని అలవాటు. ఒక లావుపాటి బాతు కూడా ఉండేది, పొద్దస్తమానం ఎవరినో ఒకరిని తిడుతూ.

తిరపతయ్య అనే నక్కని మాత్రం ఎవరూ వదిలిపోలేదు. ఈదుకుంటూ తనే వచ్చాడు.

అతను వచ్చిన కొద్ది రోజులకి బాతు కనపడకుండా పోయింది. ఇసుకలో నాలుగు ఈకలు మిగిలాయి. అందరూ ఈకల చుట్టూ చేరారు.

"చిరుత," అన్నాడు తిరపతయ్య నిట్టూర్చి. "తెల్లారగట్ల కళ్ళారా చూశా. ఈదుకుంటా వచ్చింది. బాతుని నోట కరుచుకుని ఈదుకుంటా పోయింది."

"చిరుత ఈదుద్దా?" అన్నాడు వీరాసామి.

"ఆకలేస్తే ఈదుద్ది మావా. ఇవాళ బాతు. రేపు ఎవరో నాకు తెలియదు. నేను పేర్లు చెప్పను." పేర్లు చెప్పలేదు గానీ వీరాసామి తొడల వంక చూశాడు.

మేకపోతు తన తొడల వంక తనూ చూసుకున్నాడు. "మరి మనకి దిక్కెవరు?"

"దిక్కు ఉంది. చెప్తే మీరు నమ్మరు." తిరపతయ్య తల దించుకున్నాడు. "మా వంశంలో తరానికొకడు శరభం అవుతాడు. ఈ తరానికి నేను. మొన్నటి నుంచి వీపులో ఒకటే సలుపు. కాళ్ళు మొలవడానికే అనుకుంటా."

శరభమంటే తెలియనివాళ్ళు ఎవరున్నారు. సింహాన్ని గోళ్ళతో ఎత్తుకుపోయే మృగం, ఎనిమిది కాళ్ళు, వీపున రెక్కలు. చిరుత దాని ముందు పిల్లితో సమానం.

"మంత్రమేస్తే అవుతారేమో నాయనా, ఊరికే ఎట్టా అవుతారు," అంది నాంచారమ్మ, పడుకున్న చోటి నుంచే.

"మంత్రాలకి ఎముకలు మొలవవత్తా. ఆ రోజులు పోయినయ్యి. నేను చెప్పేది ఒంటి సంగతి. ఒరే గంగులూ, చిన్నప్పుడు నీకు కాళ్ళుండేవా?"

గంగులు గొంతు ఉబ్బించాడు. "ఉండేవి కావు. తోక ఉండేది."

"ఇప్పుడో?"

"కాళ్ళున్నయ్యి. తోక లేదు."

"ఎవరన్నా మంత్రమేశారా?"

"మా ఇళ్ళల్లో అట్టాంటివాళ్ళు ఎవరూ లేరు. అదేందంటే, ఆ రోజుల్లో మాకు నోరు..."

"చాల్లే, సంగతి తేలిపోయిందిగా," అని తిరపతయ్య అతన్ని అక్కడే ఆపేశాడు. "చేపపిల్లలాగా ఈదినవాడు ఇవాళ చెంగున ఎగురుతున్నాడు. గొంగళిపురుగు సీతాకోకచిలక అవుతుంది. కప్పకీ పురుగుకీ వచ్చిన విద్య నక్కకి రాదా?"

ఇలాంటి మాటలంటే వీరాసామికి ప్రాణం. గడ్డం ముందుకి పెట్టి దగ్గరికి జరిగాడు. "అది సరే బావా, నువ్వు నా అంత కూడా లేవు. శరభం ఏనుగంత ఉంటదంటారు. మధ్యలో ఆ బరువంతా ఎక్కడ్నుంచి వచ్చుద్ది?"

"అద్గదీ. అడగాల్సిన మాట నువ్వే అడిగావు. గాల్లోంచి రాదు. తింటేనే వచ్చుద్ది. తినాలంటే ఎవరో ఒకరు పెట్టాలి."

"మరి పని అయిపోయాక మళ్ళీ నక్కవి అవుతావుగా, అప్పుడు ఆ బరువంతా ఎక్కడికి పోద్ది?"

ఈ ప్రశ్న వస్తుందని తిరపతయ్య అనుకోలేదు. రెండు కళ్ళూ టపటపలాడించాడు. "వెనకనుంచి పోద్ది మావా."

నాంచారమ్మ అతని వెనక వైపున పడుకుని ఉంది. పాపం, కొంచెం పక్కకి దొర్లింది. ఆ వేసవిలో ఆమె కదలడం అదే మొదలు.

ఆ సాయంత్రం నుంచి మేపడం మొదలైంది. తోటల్లో కోయకుండా వదిలేసిన పుచ్చకాయల్ని వీరాసామి కొమ్ములతో దొర్లించుకొచ్చి నక్క ముందు పెట్టేవాడు. పీతల బొరియలు ఎక్కడున్నాయో గంగులు చూపించేవాడు. నాంచారమ్మ తన నీడని ఇచ్చింది. అంటే లేవలేదు, నీడ పడే వైపున అతన్ని పడుకోమంది. తిరపతయ్య కాయ పగలగొట్టి, గుజ్జు నాకి, పీతలు నమిలి, త్రేన్చి, మధ్యమధ్యలో వీపు తడుముకుని "ఇదిగో, ఇక్కడ కాస్త గట్టిగా తగులుతోంది" అనేవాడు. వీరాసామి వచ్చి ముక్కుతో తడిమి చూసి "అవును, ఏదో ఉంది" అనేవాడు. అది వెన్నెముక. ప్రతి నక్కకీ ఉంటుంది.

ఆదెమ్మ ఇవన్నీ జమ్ములోంచి చూస్తూనే ఉంది. ఆమెకి చిరుత మీద నమ్మకం లేదు, శరభం మీద అంతకంటే లేదు. కానీ నోరు విప్పలేదు. గుడ్ల మీద కూర్చున్న కోడి తగవులు పెట్టుకోదు. తనని తన మానాన వదిలేస్తే చాలనుకుంది.

వదల్లేదు. పుచ్చకాయలు అయిపోవచ్చిన రోజున తిరపతయ్య అందరినీ పిలిచాడు. పొట్ట కుండలా ఉంది, కాళ్ళు మాత్రం నాలుగే.

"బరువు వచ్చేసింది," అన్నాడు. "ఇక రూపం రావాలి. రూపం పుచ్చకాయల్లో ఉండదు. ఎక్కడుంటదో చెప్పు మావా."

"ఎక్కడ?" అన్నాడు వీరాసామి ఆత్రంగా.

"గుడ్డులో. గుడ్డు కొట్టి చూడు, ఏముంటది? తెల్లసొన, పచ్చసొన. కళ్ళున్నయ్యా? ముక్కుందా? ఈకలున్నయ్యా? ఏమీ లేవు. కొన్నాళ్ళాగితే అన్నీ వస్తయ్యి. ఎక్కడ్నుంచి వస్తయ్యి? దేన్ని ఎట్టా మలచాలో తెలిసిన సారమేదో ఆ సొనలో ఉంది. ఆ సారం నా ఒంట్లో పడితే, ఇన్నాళ్ళూ మీరు పెట్టిన బరువంతా ఎనిమిది కాళ్ళ కింద, రెక్కల కింద మలుచుకుంటది."

నిజం చెప్పాలి, అబద్ధమే అయినా ఎంత చక్కగా అతికిందో చూడండి. వీరాసామి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జన్మలో అంత బాగా ఎవరూ అతనికి దేన్నీ వివరించలేదు.

"ఆదెమ్మా," అన్నాడు గొంతు సవరించుకుని, "విన్నావుగా."

"విన్నా. నేనివ్వను."

"మన అందరి ప్రాణాల కోసం అమ్మాయ్," అంది నాంచారమ్మ. "గుడ్లు మళ్ళీ పెట్టుకోవచ్చు."

"పుంజు లేడత్తా. మళ్ళీ పెడితే అవి ఉత్త గుడ్లు. నాకు మిగిలింది ఇవే."

"చిరుత వస్తే ఇవీ ఉండవు చెల్లెమ్మా," అన్నాడు తిరపతయ్య, ఎంతో జాలిగా. "అన్నయ్యని నేనున్నాగా. రేపు పొద్దున్నే వచ్చి తీసుకుంటా. అన్నీ ఒకేసారి మింగాలి, లేకపోతే కాళ్ళు ఒకవైపే మొలుస్తయ్యి."

ఆ రాత్రి ఆదెమ్మకి నిద్ర పట్టలేదు. ఏడ్చింది కూడా. పారిపోదామంటే చుట్టూ నీళ్ళు. పోట్లాడదామంటే అవతల నక్క, పైగా మిగతావాళ్ళంతా నక్క వైపు. కడుపు కింద గుడ్లని ఒక్కొక్కటే ముక్కుతో తిప్పుకుంటూ కూర్చుంది. అలా తిప్పుతుంటే, తెల్లవారే వేళకి, ఏడుపు ఆగిపోయింది.

తిరపతయ్య మూతి కడుక్కుని వచ్చేసరికి ఆమె గూటి ముందు నిలబడి ఉంది. మిగతావాళ్ళు కూడా చేరారు. నాంచారమ్మ ఉన్నచోటే ఉంది గానీ, గూడు ఆమెకి మాట వినపడేంత దగ్గరే.

"అన్నయ్యా," అంది ఆదెమ్మ, "రాత్రంతా నీ మాటే ఆలోచించా. నువ్వు చెప్పింది నిజం. రూపం గుడ్డులోనే ఉంది."

తిరపతయ్యకి నోట్లో నీళ్ళూరాయి. "నాకు తెలుసు నువ్వు తెలివిగలదానివని."

"ఒక్క సందేహం. మీ నాన్న గుడ్లు తిన్నాడా?"

"తినకపోవడమేంటి. ఆ పక్క ఊళ్ళల్లో మా నాన్న గురించి అడగాలి."

"మీ తాత?"

"మా తాతైతే గంపలు గంపలు."

"మరి వాళ్ళల్లో ఒక్కడికన్నా ఒక్క ఈక మొలిచిందా?"

తిరపతయ్య వీపు తడుముకున్నాడు. వీరాసామి గడ్డం నెమ్మదిగా నక్క వైపు తిరిగింది.

"ముంగిస తింటది, పాము తింటది, మనుషులైతే ఉల్లిపాయలేసుకుని మరీ తింటారు," అంది ఆదెమ్మ. "ఎవడూ కోడిలాగా కూసింది లేదు. ఎందుకంటే, తింటే సారం అరిగిపోద్ది అన్నయ్యా. మామూలు కండ అయిపోద్ది. రూపం కావాలంటే గుడ్డుని తినకూడదు, పొదగాలి. అంటే నిన్ను పొదగాలి."

"నన్నా?"

"నిన్నే. బరువు లోపలికి చేరిపోయిందిగా. ఇప్పుడు నువ్వు గుడ్డుతో సమానం. కావాల్సింది పెంకూ, వేడీ. గంగులూ, మొన్న నువ్వు ఏదో చెప్పబోయి ఆగిపోయావు. నోరేదో అన్నావు."

గంగులుకి ఆ రోజు నుంచీ కడుపులో మాట అలాగే ఉండిపోయింది. గొంతు బూరలా ఊదాడు. "మారేటప్పుడు మాకు నోరు పనిచెయ్యదు. చిన్న మూతి పోయి పెద్ద మూతి రావాలిగా, అప్పుడు తినడానికి లేదు. మా తోకని మేమే లోపలికి అరగదీసుకుని దాంతో బతుకుతాం. తినేవాడు మారలేడు, మారేవాడు తినలేడు. ఇది చెప్దామంటే బావ చెప్పనిచ్చాడు కాదు."

"గూట్లోకి పోయిన గొంగళిపురుగు కూడా ఆకు ముట్టదు," అన్నాడు వీరాసామి, కొత్త ఆనందంతో. "నేను చూశా. అయ్యో, మనం ఇన్నాళ్ళూ తప్పు చేశాం బావా. నిన్ను మేపకుండా మూసెయ్యాల్సింది."

తిరపతయ్య చుట్టూ చూశాడు. కాదంటే శరభం అబద్ధమని ఒప్పుకున్నట్టు. అవునంటే మూసేస్తారు. ఏం చెయ్యాలా అని చూస్తుంటే ఆదెమ్మ నెమ్మదిగా అంది: "గుడ్లూ నువ్వూ ఒకచోటే ఉంటే మంచిది. వాటి సారం నీకు పక్కనుంచి తగులుద్ది. ఆ బానలో నువ్వు ముందు పడుకో, పక్కనే గుడ్లు పేరుస్తా."

మూసిన బానలో, చీకట్లో, పక్కనే గుడ్లు. అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. తిరపతయ్యకి అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

"చెల్లెమ్మ మాట కాదనలేను," అన్నాడు.

బాన మూతి పెద్దదే గానీ, పుచ్చకాయల పొట్ట దానికంటే పెద్దది. ముందు తల పెట్టాడు, తర్వాత భుజాలు, తర్వాత వీరాసామి వెనక నుంచి కొమ్ములతో తోశాడు. లోపలికి చేరేసరికి మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తోక మెడ చుట్టూ చుట్టుకోవాల్సి వచ్చింది.

"సర్దుకున్నావా?" అంది ఆదెమ్మ.

"సర్దుకున్నా. గుడ్లేవి?"

"ముందు పెంకు గట్టిపడనీ."

బాన మూతికి జమ్ము, ఎండుగడ్డి కుక్కి, దాని మీద తడి ఒండ్రు. గంగులు చుట్టాలందరూ వచ్చి కాళ్ళతో మెత్తారు. ఊపిరికి ఆదెమ్మే ముక్కుతో పైన చిన్న బెజ్జాలు పొడిచింది. "గుడ్డు పెంకుకి కూడా కంటికి కనపడని బెజ్జాలుంటయ్యి. పిల్ల ఊపిరి తీసుకోవద్దూ," అంది. ఎండకి ఒండ్రు రాయిలా గట్టిపడింది. తర్వాత బానని దొర్లించుకెళ్ళి నాంచారమ్మ పొట్ట పక్కన పెట్టారు.

"నేనేం చెయ్యాలమ్మాయ్?" అంది గేదె.

"ఏమీ చెయ్యొద్దత్తా. కదలకుండా ఆనుకుని పడుకో. అంతే."

నాంచారమ్మ జీవితంలో ఆమెకి సరిగ్గా సరిపోయిన పని దొరకడం అదే మొదలు. పొట్ట బానకి ఆనించి, కళ్ళు మూసుకుని, నెమరు వేసుకోసాగింది.

కాసేపటికి బానలోంచి గొంతు వినపడింది. "చెల్లెమ్మా, గుడ్లు ఎక్కడ?"

"పిల్ల పలుకుతున్నాడు," అంది ఆదెమ్మ అందరితో. "మంచిదే. నా పిల్లలూ పెంకులో ఉండగానే పలుకుతారు."

"చాలా ఉక్కగా ఉందిక్కడ. ఈ గేదెని లెమ్మనండి."

"వేడి అందుతోందన్నమాట," అన్నాడు వీరాసామి.

"మూత తియ్యండ్రా!"

"తియ్యకూడదు అన్నయ్యా. పైనుంచి మనం పగలగొడితే లోపల పిల్ల చచ్చిపోద్ది. తనంతట తనే పగలగొట్టుకు రావాలి. నా పిల్లలకి ముక్కు మీద చిన్న బుడిపె మొలుచుద్ది, పెంకు పొడుచుకోవడానికి. నీకు మొలిచిందేమో తడుముకుని చూడు."

లోపల తడుముకునేంత చోటు లేదు. తన్ని పగలగొడదామంటే కాళ్ళు గడ్డం కింద ఇరుక్కున్నాయి.

ఎండ చల్లబడ్డాక ఆదెమ్మ వచ్చి, "ఇక తిప్పాలి," అంది.

"తిప్పడమేంటి?" అన్నాడు బానలో తిరపతయ్య.

"గుడ్డుని అప్పుడప్పుడూ తిప్పకపోతే పిల్ల ఒక పక్కన పెంకుకి అంటుకుపోద్ది. వీరాసామి మావా, నెమ్మదిగా."

వీరాసామికి నెమ్మది తెలియదు. పుచ్చకాయల మీద సాధన చేసిన కొమ్ములు అవి. బాన ఇసుక దిబ్బ మీదినుంచి దొర్లి కిందికి పోయింది, మళ్ళీ పైకి వచ్చింది. లోపల్నుంచి వచ్చిన చప్పుళ్ళు రాయదగినవి కావు. తిన్న పీతల్లో కొన్ని మళ్ళీ బయటికొచ్చాయని మాత్రం వాసన బట్టి తెలిసింది.

ఇలాగే ఇంకో రోజు గడిచింది. పొదగడం, తిప్పడం. తిరపతయ్య తిట్టాడు, ఏడ్చాడు, ఊళ పెట్టాడు. ఏం చేసినా బయట సంతోషమే.

"నేను నక్కనే! నక్కనే!" అని అరిచాడు.

"ఇంకా నక్కేనంట," అన్నాడు వీరాసామి. "పొదగడం పూర్తి కాలేదు. అత్తా, కాస్త గట్టిగా ఆనుకో."

"నేను శరభం కాలేను! అదంతా అబద్ధం!"

"పాపం, బుర్ర ఇంకా తయారైనట్టు లేదు," అంది నాంచారమ్మ. "ఏదేదో అంటన్నాడు."

"చిరుత లేదు! చిరుత రానే లేదు! ఆ బాతుని తిన్నది నేనే, మీ కాళ్ళు పట్టుకుంటా, తియ్యండి!"

గంగులు గొంతు ఉబ్బింది ఉబ్బినట్టే ఉండిపోయింది. ఆ బాతు అందరినీ తిట్టేది, నిజమే. అయినా పొద్దున్నే ఆ తిట్లు వినపడకపోతే ఏదో వెలితిగా ఉందని అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు.

"అంటే," అంది నాంచారమ్మ, "శరభం రాదా?"

"రాదత్తా," అంది ఆదెమ్మ.

"మరి నేను ఇంత ఒళ్ళు దాచుకోకుండా పొదిగింది ఎవరిని?"

"బాతుని తిన్నవాణ్ణి. నా గుడ్లు తినబోయినవాణ్ణి."

నాంచారమ్మ లేచింది. ముందు వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు. లంక మీద ఉన్నవాళ్ళెవరూ ఆమెని అంత ఎత్తున చూడలేదు. వీరాసామి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏం చేద్దామమ్మాయ్?" అంది.

నిజానికి ఆదెమ్మకి ఇంతదాకా రావాలని లేదు. పిల్లలు పుట్టేవరకూ అతన్ని మూసి ఉంచితే చాలనుకుంది. కానీ మూసి ఉంచితే లోపల చస్తాడు, తెరిస్తే ఇక్కడే ఉంటాడు. రెండూ ఆమెకి ఇష్టం లేదు.

"గుడ్డు మంచిదో మురిగిందో తెలియకపోతే ఆడవాళ్ళు ఏం చేస్తారు?" అంది. "నీళ్ళల్లో వేసి చూస్తారు. అన్నయ్యా, వినపడతోందా? మంచి గుడ్డు మునుగుద్ది. మురిగింది తేలుద్ది. నువ్వు మునిగావనుకో, మంచి గుడ్డువని అర్థం. వెంటనే పైకి తీసి మళ్ళీ పొదుగుతాం. భయపడొద్దు."

బానలో తిరపతయ్య ఏం కోరుకోవాలో తెలియక గిలగిల్లాడిపోయాడు. మునిగితే చావు. చావకపోతే మళ్ళీ ఈ గేదె. చివరికి బతుకులో మొదటిసారి, తను మురిగిపోయినవాడే కావాలని దేవుడికి మొక్కుకున్నాడు.

నాంచారమ్మ నుదుటితో ఒక్క తోపు తోసింది. బాన దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళల్లో పడింది, బుడుంగుమంది, ఒకసారి గిర్రున తిరిగింది, మూతి పైకి పెట్టి హాయిగా తేలింది.

"మురిగిపోయింది," అంది ఆదెమ్మ.

కృష్ణమ్మ దాన్ని నెమ్మదిగా మధ్యకి లాక్కుంది. వీరాసామి ఒడ్డున నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశాడు. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న ముడి అతనికి అప్పుడు విడింది. "అట్టాగా!" అన్నాడు. "లోపల ఏమీ లేకపోతే తేలుద్దన్నమాట. పడవవాళ్ళు ఆ ఒక్క ముక్క చెప్పుంటే నేను దిగేవాణ్ణే కాదు."

కొన్నాళ్ళకి ఆదెమ్మ గుడ్లు పిగిలాయి. చిన్న చిన్న ముక్కుల మీద బుడిపెలతో, తడి ఈకలతో పిల్లలు బయటికొచ్చారు. పెంకులో ఉండగా వాళ్ళని ఎవరూ మేపలేదు, రూపం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆదెమ్మ ఒక్కొక్కరినీ చూసుకుని, ఈసారి సంతోషంతో ఏడ్చింది. నాంచారమ్మ మళ్ళీ పడుకుంది, పిల్లలు ఆమె వీపు మీద ఎక్కి ఆడుకునేవారు. లంక మీదికి ఆ తర్వాత చిరుత రాలేదు. ఎందుకు రాలేదో మీకు చెప్పక్కర్లేదు.

ఇంతకీ బాన ఏమైందంటే, దిగువన ఒక రాళ్ళకట్టకి కొట్టుకుని ముక్కలైంది. అక్కడ ఒంటికాలి మీద నిలబడి చేపల కోసం చూస్తున్న ముసలి కొంగ ఉలిక్కిపడింది. పెంకుల మధ్యలోంచి, ఒళ్ళంతా ఒండ్రు అంటుకుని, వెంట్రుకలు అట్టలు కట్టి, కాళ్ళు చాపలేక వణుకుతూ ఏదో పాక్కుంటూ బయటికొచ్చింది.

కొంగ దాన్ని కిందికీ పైకీ చూసింది. "ఏం పిల్లవి నాయనా నువ్వు?"

"నక్కని," అన్నాడు తిరపతయ్య నీరసంగా.

"లోపలికి పోయినప్పుడు ఏమిటి?"

"అప్పుడూ నక్కనే."

కొంగ పగిలిన బాన వంక చూసింది, అతని వంక చూసింది. "దీనికి ఇంత పెంకు దేనికి?" అని మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

అందుకే, కొత్త అవతారం ఎత్తుతానని ఎవరైనా మీ ఇంటికొచ్చి మేత అడిగితే, మేపకండి, పొదిగి చూడండి.